ఓటు లేని రోగులు: కెంటకీ గవర్నరైన ఒక డాక్టరు జీవితం గురించి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం.

మన ప్రాంతంలో డాక్టర్లు రాజకీయాల్లోకి రావడం కొత్త విషయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రులైన మర్రి చెన్నారెడ్డి, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇద్దరూ ఎం.బి.బి.ఎస్. చదివినవారే. 2023 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి గెలిచినవారిలో వైద్యులున్నారు; 2024లో వరంగల్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికైనదీ వైద్యురాలే. ఏ పార్టీ అభ్యర్థి అయినా సరే, పేరుకు ముందు ‘డాక్టర్’ అని ఉంటే ఆ మనిషి మీద మన ప్రజలు కొంత ఎక్కువ నమ్మకం పెట్టుకుంటారు. రోగి మంచం పక్కన నిలబడినవాళ్ళకు బీదల బాధ తెలిసి ఉంటుందన్నదే ఆ నమ్మకానికి మూలం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉద్యోగం చేసి విరమించిన నాకు ఆ నమ్మకం ఎంత విలువైనదో తెలుసు. అయితే దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలి, ఏ ప్రశ్నలు అడిగాక పెట్టుకోవాలి అన్న చర్చ మాత్రం మన పత్రికల్లో జరగడం లేదు. ఆ చర్చకు పనికివస్తుందన్న ఆశతో, 19వ శతాబ్దపు అమెరికాలో చిన్న ఊళ్ళ వైద్యుడిగా మొదలై ఒక రాష్ట్రానికి గవర్నరైన లూక్ ప్రయర్ బ్లాక్‌బర్న్ జీవితాన్ని మీ పాఠకుల ముందు పెట్టదలచాను. ఆ జీవితంలో మెచ్చుకోదగిన భాగాన్ని చెప్పి, తలవంచుకోవలసిన భాగాన్ని దాచడం న్యాయం కాదు గనుక ఈ లేఖ కొంత పొడవైంది, మన్నించగలరు.

బ్లాక్‌బర్న్ 1816 జూన్ 16న కెంటకీ రాష్ట్రంలోని ఉడ్‌ఫర్డ్ కౌంటీలో పుట్టాడు. కళాశాలలో చేరకముందే ఒక పెద్ద వైద్యుడి దగ్గర శిష్యరికం చేయడం ఆ కాలపు పద్ధతి. ఆయన తన కుటుంబంలోనే వైద్యుడైన ఒక పెద్దాయన వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. 1833లో లెక్సింగ్టన్ పట్టణాన్ని కలరా చుట్టుముట్టినప్పుడు, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో, రోగుల మధ్య పని చేశాడు. లెక్సింగ్టన్‌లోనే ఉన్న ట్రాన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1835లో వైద్య పట్టా తీసుకున్నాడు. అదే ఏడాది పక్కనున్న వర్సేల్స్ అనే చిన్న ఊరికి కలరా వచ్చింది. అక్కడి వైద్యుల్లో కొందరు చనిపోగా, మిగిలినవారు ఊరు విడిచి వెళ్ళిపోయారు. పందొమ్మిదేళ్ళైనా నిండీ నిండని ఈ కుర్ర డాక్టరు ఆ ఊరికి వెళ్ళి, ఎవరి దగ్గరా రుసుము పుచ్చుకోకుండా, రోగం తగ్గుముఖం పట్టేదాకా అక్కడే ఉన్నాడు.

ఆనాటికి కలరా నీళ్ళ ద్వారా పాకుతుందని వైద్యులకు తెలియదు. లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపును పట్టుకుని ఆ సంగతి చూపించింది 1854లో; దాని క్రిమిని రాబర్ట్ కోఖ్ గుర్తించింది 1880లలో. 1835లో డాక్టరు చేతిలో ఉన్నవి పాదరసం కలిసిన మాత్రలు, రక్తం తీసే కత్తి, నల్లమందు; వీటిలో కొన్ని రోగిని మరింత నీరసపరిచేవే. కాబట్టి ఆ కుర్రవాడు వర్సేల్స్‌లో ఎన్ని ప్రాణాలు కాపాడాడో లెక్క కట్టడం కుదరదు. అందరూ పారిపోయిన ఊళ్ళో ఒక వైద్యుడు నిలబడ్డాడన్నదే ఆ ఊరివాళ్ళు గుర్తు పెట్టుకున్న సంగతి. వాళ్ళు ఆయన్ని అక్కడే ఉండిపొమ్మని అడిగారు, ఆయన ఉండిపోయాడు. 1843లో విగ్ పార్టీ తరఫున రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై ఒక విడత పని చేశాడు. ఆ విడతలో చెప్పుకోదగినది పెద్దగా లేదు. పెట్టుబడి పెట్టిన వ్యాపారం దెబ్బతినడంతో 1840ల నడుమ కుటుంబంతో సహా మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నాచెజ్ పట్టణానికి తరలిపోయాడు.

నాచెజ్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆయన జీవితంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించే పని అక్కడే మొదలైంది. నాచెజ్ పత్తి వ్యాపారంతో బలిసిన రేవు పట్టణం. న్యూ ఆర్లీన్స్ నుంచి ఆవిరి పడవలు నదికి ఎదురెక్కి వచ్చేవి. వాటితోపాటు ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం కూడా వచ్చేది. జ్వరం, నడుమునొప్పి, కళ్ళు పచ్చబడటం, ఆఖరుకు నల్లటి వాంతులతో మనిషి కూలిపోవడం దాని లక్షణాలు. 1848లో పట్టణ ఆరోగ్యాధికారిగా ఉన్న బ్లాక్‌బర్న్, కింది నుంచి వచ్చే పడవలను ఊళ్ళోకి రానివ్వకుండా దూరంగా ఆపి ఉంచే క్వారంటైన్ పెట్టించాడు. మిసిసిపీ లోయలో పచ్చజ్వరం మీద విజయవంతంగా అమలైన మొదటి క్వారంటైన్‌గా చరిత్రకారులు దాన్ని చెబుతారు. వర్తకులకు సరుకు ఆగిపోవడం ఎంత కష్టమో 2020 తర్వాత మనకు విడమరచి చెప్పనవసరం లేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. తర్వాతి సంవత్సరాల్లో లూసియానా రాష్ట్రంలోనూ ఇటువంటి ఏర్పాటు చేయించడానికి శాసనసభ్యులతో మాట్లాడాడు.

ఆ క్వారంటైన్ ఎందుకు పని చేసిందో ఆయనకు తెలియదు. రోగి బట్టల నుంచి, దుప్పట్ల నుంచి, చెడు గాలి నుంచి ఆ జ్వరం అంటుకుంటుందని ఆ తరం వైద్యులు నమ్మేవారు. దోమ మీద అనుమానాన్ని హవానాలో కార్లోస్ ఫిన్లే 1881లో బయటపెట్టాడు. వాల్టర్ రీడ్ బృందం 1900లో దాన్ని రుజువు చేసింది. ఈ రెండింటి మధ్యలో, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. పచ్చజ్వరాన్ని మోసేది ఈడిస్ ఈజిప్టై అనే దోమ. నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టి పగటిపూట కుట్టే దోమ. పడవల్లోని నీళ్ళ పీపాలు దానికి పుట్టిల్లు. పడవను దూరంగా ఆపినప్పుడు, ఆపుతున్నవాళ్ళకు తెలియకుండానే, ఆ దోమ కూడా దూరంగా ఆగిపోయింది. అదే దోమ ఇవాళ మన ఊళ్ళలో గోలేల్లో, కూలర్లలో, పాత టైర్లలో పుట్టి డెంగీని మోస్తున్నది. పచ్చజ్వరం మన దేశంలోకి రాలేదు గానీ, దాన్ని మోసే దోమ మాత్రం మన ఇంటి వెనకే ఉంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జ్వరాలతో నిండిపోయే మన ఆసుపత్రుల వార్డులను చూసినవారెవరికైనా నాచెజ్ కథ దూరదేశపు కథగా అనిపించదు.

నాచెజ్‌లో ఆయన చేసిన రెండో పని గురించి తక్కువమంది రాశారు. నది మీద పడవలు నడిపే కూలీలకు జబ్బు చేస్తే పట్టణ ఆసుపత్రిలో చేర్చుకునే నిబంధన లేదు, ఎందుకంటే వాళ్ళు ఆ ఊరివాళ్ళు కారు. పడవ యజమాని దించేసి వెళ్ళిపోతే, రేవు గట్టు మీద పడి ఉండటమే వాళ్ళ గతి. బ్లాక్‌బర్న్ తన సొంత డబ్బుతో వాళ్ళకోసం ఒక ఆసుపత్రి పెట్టాడు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే ఆ బాధ్యత తీసుకునేలా శాసనసభను ఒప్పించడానికి తిరిగాడు. ఆ కూలీలకు నాచెజ్‌లో ఇల్లూ వాకిలీ లేవు. వాళ్ళకు వైద్యం చేసినందుకు ఆ ఊళ్ళో ఎవరికీ ఏ ఎన్నికలోనూ ఒక్క ఓటు ఎక్కువ పడదు. ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. బ్లాక్‌బర్న్‌ను కొలవడానికి ఇంతకు మించిన కొలత నాకు దొరకలేదు, ఆయన దాని మీద నిలిచిన చోటూ ఉంది, ఘోరంగా ఓడిన చోటూ ఉంది.

ఓడిన చోటు అంతర్యుద్ధం. 1861లో బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలనుకున్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి యుద్ధానికి దిగినప్పుడు బ్లాక్‌బర్న్ దక్షిణాది పక్షం వహించాడు. సైన్యంలో చేరలేదు; కెనడా నుంచి దక్షిణాదికి సరుకులు, సహాయం చేరవేసే ఏజెంటుగా పని చేశాడు. 1864లో అట్లాంటిక్ నడుమ ఉన్న బెర్ముడా దీవుల్లో పచ్చజ్వరం చెలరేగితే, ఆ జ్వరం గురించి అనుభవం ఉన్న వైద్యుడిగా అక్కడికి వెళ్ళి రోగులకు సేవ చేశాడు. ఆ సేవ చేస్తూనే, చనిపోయిన రోగుల చొక్కాలు, దుప్పట్లు పోగుచేసి పెట్టెల్లో సర్ది, ఉత్తరాది నగరాల్లో అమ్మించి అక్కడి పౌరుల్లో జ్వరం పుట్టించాలని పథకం వేశాడన్నది ఆయన మీద వచ్చిన నింద. 1865 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు లింకన్ హత్యకు కొద్ది రోజుల ముందు, గాడ్‌ఫ్రే హయమ్స్ అనే వ్యక్తి టొరంటోలో ఈ సంగతి బయటపెట్టాడు. ఆ పెట్టెలను తానే వాషింగ్టన్‌కు చేర్చి వేలానికి పెట్టించానని, తనకు ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదని, లింకన్‌కు కానుకగా ఇవ్వమని విడిగా ఒక చేతిపెట్టెలో మంచి చొక్కాలు కూడా ఇచ్చారని చెప్పాడు. బెర్ముడాలోనూ అటువంటి పెట్టెలు దొరికాయి. టొరంటో కోర్టు బ్లాక్‌బర్న్‌ను విచారించి విడిచిపెట్టింది. ఆ పెట్టెలు తమ న్యాయపరిధిలోకి వచ్చినట్టు రుజువు కాలేదన్నది అందుకు చూపిన కారణం. ఆయన చేయలేదని తేలినందువల్ల వదిలేయలేదన్న మాట.

జ్వరం బట్టల ద్వారా అంటదు గనుక ఆ పెట్టెల వల్ల ఎవరూ చనిపోయి ఉండరు. ఈ ఒక్క మాట పట్టుకుని ఆయన్ని తేలిగ్గా వదిలేసేవారున్నారు. నేను ఒప్పుకోలేను. పని చేస్తుందని నమ్మే ఆ పెట్టెలు పంపారు. విషమని నమ్మి ఒకడు ఇచ్చిన పొడి ఉప్పుగా తేలితే, ఇచ్చినవాడి చేయి శుభ్రమైపోదు. సాక్ష్యం ఎక్కువగా హయమ్స్ మాట మీద ఆధారపడి ఉంది, అతడు డబ్బుకోసం రెండు వైపులా పని చేసినవాడు అనే అభ్యంతరం ఉంది, అది వినదగినదే. అయినా బెర్ముడాలో దొరికిన పెట్టెలు, ఇతర సాక్షుల మాటలు కలిపి చూస్తే, నిందలో బలం ఉందన్నదే నా అభిప్రాయం. అంతకుముందు రేవు గట్టు మీది పరాయి కూలీని మనిషిగా లెక్కించిన వైద్యుడికి, యుద్ధం మొదలయ్యాక అవతలి పక్షపు ఊళ్ళలోని ఆడవాళ్ళు, పిల్లలు మనుషులుగా లెక్కకు రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. దక్షిణాది ఏ బానిసత్వం కోసం పోరాడిందో, ఆ బానిసత్వంలో నలిగిన నల్లజాతివారి బాధ కూడా ఆయన లెక్కలోకి అప్పుడు రాలేదు. చదివిన చదువు, రోగి దగ్గర గడిపిన ఏళ్ళు, పేరు ముందు ఉన్న డాక్టరు అనే మాట, వీటిలో ఏదీ ఆయన్ని ఆపలేదు.

యుద్ధం తర్వాత కొన్నేళ్ళు కెనడాలోనే ఉండిపోయాడు. 1867లో దక్షిణాది రేవుల్లో పచ్చజ్వరం మళ్ళీ లేచినప్పుడు, వచ్చి రోగులకు సేవ చేయనివ్వమని అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు లేఖ రాసి, ఆ తర్వాత స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఎవరూ అరెస్టు చేయలేదు. 1870ల్లో కెంటకీలోని లూయివిల్‌లో స్థిరపడి, 1873లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు, 1877లో ఫ్లోరిడాలోని ఫెర్నాండినాకు పచ్చజ్వరం వచ్చినప్పుడు వెళ్ళి పని చేశాడు. అప్పటికి ఆయన అరవై దాటినవాడు.

1878లో మిసిసిపీ లోయను ఆ జ్వరం కనీవినీ ఎరుగని స్థాయిలో ఊపేసింది. మెంఫిస్ సగం ఖాళీ అయింది, వేలమంది చనిపోయారు. కింది ఊళ్ళ నుంచి పారిపోయి వస్తున్నవారిని అదుపు లేకుండా రానివ్వకుండా క్వారంటైన్ పెట్టమని బ్లాక్‌బర్న్ కెంటకీ ప్రభుత్వాన్ని హెచ్చరించాడు. ఇంత ఉత్తరానికి జ్వరం రాదని చాలామంది పట్టించుకోలేదు. రాష్ట్రంలో పశ్చిమ కొసన, మిసిసిపీ ఒడ్డున ఉన్న హిక్‌మన్ అనే చిన్న ఊరికి జ్వరం వచ్చేసింది. అప్పటికే ఆయన గవర్నరు పదవికి పోటీలో ఉన్నట్టు ప్రకటించాడు. ప్రచారం పక్కన పెట్టి హిక్‌మన్ వెళ్ళి, మంచు పడి జ్వరం ఆగేదాకా అక్కడి రోగుల దగ్గరే ఉన్నాడు. ప్రచారానికి వెళ్ళిన ఏ సభలోనూ రానంత పేరు ఆ ఊళ్ళో వచ్చింది. పత్రికలు ఆయన్ని ‘హిక్‌మన్ వీరుడు’ అన్నాయి. 1879 ఆగస్టులో రిపబ్లికన్ అభ్యర్థి వాల్టర్ ఎవాన్స్ మీద 40 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచాడు. బెర్ముడా పెట్టెల మాటను ప్రత్యర్థులు ఎత్తారు గానీ, కెంటకీ ఓటరు పెద్దగా చెవిన పెట్టలేదు. కెంటకీకి గవర్నరైన మొదటి వైద్యుడు ఆయనే. ఆ పదవికి రెండో వైద్యుడు ఎర్నీ ఫ్లెచర్ ఎన్నికైంది 2003లో.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే, ప్రాణాలు కాపాడినవాడికి జనం కృతజ్ఞతతో పదవి ఇచ్చారన్న మామూలు మాట మిగిలేది. పదవిలోకి వచ్చాక ఆయన చేసిన పని ఆ కృతజ్ఞతను కాదనుకునే పని.

రాష్ట్రం మొత్తానికీ ఒకే పెద్ద జైలు ఉండేది, రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ప్రభుత్వం ఆ జైలును నడపకుండా ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకు గుత్తకు ఇచ్చేది. ఖైదీలకు తిండి పెట్టడం, వాళ్ళ చేత జనపనార పని వంటివి చేయించుకుని లాభం తీసుకోవడం ఆ కాంట్రాక్టరు పని. తిండి మీద ఎంత తగ్గిస్తే లాభం అంత పెరుగుతుంది గనుక, ఏం జరుగుతుందో ఊహించడానికి వైద్య విద్య అవసరం లేదు. నాలుగడుగుల వెడల్పైనా లేని కొట్లలో, గాలీ వెలుతురూ లేకుండా, మనుషులను ఒకరి మీద ఒకరు పడేలా కుక్కేవారు. ఖైదీల్లో న్యుమోనియా, స్కర్వీ విపరీతంగా ఉండేవి. స్కర్వీ అంటే తాజా పండ్లు, కూరగాయలు నెలల తరబడి దొరకనప్పుడు చిగుళ్ళు కుళ్ళి, పాత గాయాలు తిరిగి విచ్చుకునే జబ్బు. నిమ్మరసంతో దాన్ని ఆపవచ్చని 18వ శతాబ్దంలోనే నావికుల విషయంలో తేలింది. 1879లో, నేల సారవంతమైన ఒక రాష్ట్ర రాజధాని నడిబొడ్డున, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మనుషులు దాంతో కుళ్ళిపోతున్నారు. గవర్నరుగా ఆ జైలును చూసినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. డాక్టరుగా చూసినవాడు బ్లాక్‌బర్న్ మొదటివాడు.

శాసనసభ చట్టం చేసేదాకా ఆగితే ఇంకెంతమంది చచ్చిపోతారో అని, రాజ్యాంగం గవర్నరుకు ఇచ్చిన క్షమాభిక్ష అధికారాన్ని ఆయన వాడాడు. జబ్బుతో ఉన్నవారిని, చావు దగ్గరపడినవారిని ముందు విడిచిపెట్టాడు. నాలుగేళ్ళ పదవీకాలంలో 1,000 మందికి పైగా ఖైదీలకు క్షమాభిక్ష ఇచ్చాడు. పత్రికలు మండిపడి ‘మెతక లూక్’ అని పేరు పెట్టాయి. శాసనసభను వెంటపడి అడిగి, గుత్త పద్ధతిని తీసేసి జైలును ప్రభుత్వ అధికారి కిందకు తెప్పించాడు. ఎడ్డీవిల్‌లో రెండో జైలు కట్టాలన్న నిర్ణయమూ ఆయన హయాంలోనే రూపుదిద్దుకుంది. అన్నీ సవ్యంగా జరిగాయని నేను చెప్పడం లేదు: జైలు కిక్కిరిసి ఉందన్న కారణంతో ఖైదీలను బయటి పనులకు కాంట్రాక్టర్లకు అప్పగించడం ఆగలేదు, ఆ శిబిరాల్లో బతుకు కూడా దారుణంగానే ఉండేది. గుత్తదారు పీడ జైలు గోడల లోపల తగ్గి, గోడల బయట మిగిలిపోయింది. డాక్టరు గవర్నరు చూపు అక్కడిదాకా పోలేదు.

ఇంత చేసినందుకు రాజకీయంగా ఆయనకు దక్కినది అవమానం. కెంటకీ రాజ్యాంగం ప్రకారం వెంటనే రెండోసారి గవర్నరు కావడం కుదరదు. 1883లో సొంత డెమొక్రాటిక్ పార్టీ సమావేశంలో తన పాలన గురించి చెప్పుకోబోతే, సభ్యులు అరిచి గోల చేశారు. హిక్‌మన్‌కు వెళ్ళినందుకు భుజాన మోసిన రాష్ట్రమే, జైలుకు వెళ్ళినందుకు దించేసింది. హిక్‌మన్ రోగికి ఓటుంది, బంధువులకు ఓట్లున్నాయి. ఖైదీకి ఏ లెక్కా లేదు. తర్వాత లూయివిల్‌లో మానసిక, నరాల జబ్బుల రోగులకు ఒక వైద్యశాల నడిపించి, 1887 సెప్టెంబరు 14న ఫ్రాంక్‌ఫర్ట్‌లో చనిపోయాడు. ఆయన సమాధి మీద రాష్ట్రం పెట్టించిన స్తంభంపై, దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాడికి కట్టు కట్టే బైబిలు కథలోని మంచి సమరయుడి బొమ్మ చెక్కి ఉంటుంది. ఆయన పేరు పెట్టిన ఒక జైలు 1972 నుంచి లెక్సింగ్టన్‌లో ఉంది.

ఇప్పుడు వరంగల్‌కు వస్తాను. నిజాం కాలంలో, 1886లో కట్టిన మన సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఆ స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. అక్కడి ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించారు. ఎం.జి.ఎం. ఆసుపత్రి మీద పడే భారం తెలిసినవాడిగా ఆ ఆసుపత్రి రావడం నాకు సంతోషం. కాని ఆ నిర్ణయం మీద జరిగిన చర్చలో అంతస్తుల సంఖ్య, పడకల సంఖ్య, గుత్తేదారు, గడువు ఇవన్నీ వచ్చాయి. ఆ గోడల మధ్య ఉన్న మనుషులకు వైద్యం ఎక్కడ, ఎలా అందుతుందన్న ప్రశ్న ఎవరి నోటా నేను వినలేదు. మన దేశంలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షను ప్రకారం జైల్లో ఉన్నవారు ఓటు వేయలేరు. శిక్ష పడినవారే కాదు, విచారణ ఖైదీలు కూడా. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలే. అంటే నేరం రుజువు కాని లక్షలమంది మనుషులు, క్షయ, గజ్జి, మానసిక కుంగుబాటు సులభంగా పట్టుకునే ఇరుకు గదుల్లో, ఏ ప్రజాప్రతినిధినీ ఓటుతో అడగలేని స్థితిలో ఉన్నారు.

ఓటు లేని రోగులు మనకు జైళ్ళలోనే లేరు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. గర్భిణులు, చంటిపిల్లలు వస్తారు. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు వాళ్ళను వెతికి టీకా వేయడానికి ఎంత అవస్థ పడతారో ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఏ ఊరి రిజిస్టరులోనూ వాళ్ళ పేరుండదు. నాచెజ్ రేవు మీది పడవ కూలీకీ వాళ్ళకూ తేడా నాకు కనిపించడం లేదు. ఇక గురుకులాల పిల్లలు. కలుషితమైన తిండి తిని వాళ్ళు ఆసుపత్రుల పాలైన వార్తలు గత కొన్నేళ్ళుగా మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లో వచ్చాయి. వాళ్ళకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు, వాళ్ళ అమ్మానాన్నలు దూరపు తండాల్లో, గూడేల్లో ఉంటారు. ఆ వంటగదిలోకి ఒక ఆహార గుత్తేదారు లెక్కతో కాక డాక్టరు కళ్ళతో ఎవరైనా ప్రజాప్రతినిధి వెళ్ళి చూస్తే, ఫ్రాంక్‌ఫర్ట్ జైల్లో బ్లాక్‌బర్న్ చూసినదే చూస్తారు: తిండి మీద తగ్గించిన ప్రతి పైసా ఒక పిల్ల ఒంట్లో కనిపిస్తుంది.

డాక్టర్లను గెలిపించవద్దని నేను అనడం లేదు. నా తోటి వృత్తివారు చట్టసభల్లో ఉండటం అవసరమనే నమ్ముతాను. వాళ్ళను మన ప్రజలు ఎంచుకునేటప్పుడు ఆసుపత్రిలో ఉచితంగా చూశాడా, కరోనా కాలంలో ఊళ్ళో ఉన్నాడా అని చూస్తారు, చూడాల్సిందే. హిక్‌మన్ ప్రజలూ అదే చూశారు. ఆ చూపుకు అందని ఇంకొన్ని ప్రశ్నలు పత్రిక అడగగలదు. జిల్లా జైలుకు మీరు ఎప్పుడైనా వైద్యుడిగా వెళ్ళారా, అక్కడ క్షయ పరీక్షలు ఎలా జరుగుతున్నాయి, వరంగల్ కొత్త ఆసుపత్రిలో ఖైదీల వార్డు ఉండాలని మీరు అడుగుతారా? మీ నియోజకవర్గంలోని ఇటుక బట్టీల్లో ఎంతమంది పిల్లలున్నారో మీకు తెలుసా? గురుకులాల్లో నెలకొకసారి పిల్లల బరువు, రక్తహీనత పరీక్షలు చేయించి ఆ ఫలితాలను బయట పెట్టడానికి ఒప్పుకుంటారా? మీ పార్టీకి ఓటెయ్యని ఊరికి జ్వరం వస్తే అంబులెన్సు ఎంతసేపట్లో వెళుతుంది? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. బెర్ముడా పెట్టెల కథ చదివాక నాకది చిన్నదిగా తోచడం లేదు.

కాళోజీ పేరున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం మన ఊళ్ళో ఉంది. కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఇక్కడి పిల్లలను డాక్టర్లను చేస్తోంది. వారిలో కొందరు రేపు ప్రజాప్రతినిధులు అవుతారు. బ్లాక్‌బర్న్ జీవితంలోని రెండు భాగాలూ, నాచెజ్ ఆసుపత్రీ బెర్ముడా పెట్టెలూ, హిక్‌మన్ కీర్తీ జైలు అవమానమూ, వారికి తరగతి గదిలో ఒక పూట చెప్పమని ఆ సంస్థల అధ్యాపకులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను. వచ్చే ఎన్నికల్లో ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఏ పార్టీ తరఫున పోటీ చేసినా సరే, డాక్టరు అభ్యర్థులందరికీ పై ప్రశ్నలు పంపించి, వారిచ్చే జవాబులను, జవాబివ్వని వారి పేర్లను కూడా, జిల్లా సంచికలో పోలింగుకు ముందే ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వైద్యాధికారి,
హనుమకొండ.